వేలెడంత వేగం

కుర్చీ కాళ్ళు నేలమీద గీసుకున్న చప్పుడు, పెన్ను మూత ఊడిన టిక్కు, కాగితాన్ని అరచేత్తో ఒకసారి చదును చేసిన సర్రు, ఆ తర్వాత ఏమీ లేదు. అంటే మేనేజరుగారు కూర్చున్నారు, పదకొండయింది, పరీక్ష మొదలైంది. మొదలవనీ అనుకుంది జీరో మేడం, ఎడమ చెవిలో ఫోను తాలూకు ముక్కనీ కుడి చెవిలో కంప్యూటరు తాలూకు ముక్కనీ సర్దుకుంటూ. ఎడమ చెవి మనుషులకి, కుడి చెవి మిషనుకి, మధ్యలో ఉన్నది తను. పదిహేనేళ్ళుగా ఈ ఆసుపత్రి టెలిఫోను గదిలో ఆమెది ఇదే కుర్చీ. లోపల ఏ వార్డులో ఎవరు సున్నా నొక్కినా, బయటినుంచి ఎవరు ఆసుపత్రికి ఫోను చేసినా ముందు పలికే గొంతు ఆమెదే, అందుకే పెద్ద డాక్టరు దగ్గర్నుంచి మెట్లు తుడిచే ఆమె దాకా అందరికీ ఆమె జీరో మేడం, అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. పెళ్ళికి ముందు, పరిచయమైన కొత్తలో ఈ సంగతి విని ఆమె భర్త, నువ్వు సున్నా అయితే నేను ఒకటి, పక్కపక్కన నిలబడితే పది, కాకపోతే నేను ఎడమ పక్కే నిలబడాలి, మారిపోతే నా విలువ పోతుంది అన్నాడు. చూపులేని మనిషి దగ్గర అయ్యో పాపం అనకుండా ఎడమా కుడీ గురించి జోకు వేసిన మొదటి మనిషి ఆయన. ఆ రోజే ఈయనతో బతకొచ్చని లోలోపల ఖాయం చేసుకుంది, ఆయనకి చెప్పింది మాత్రం ఆరు నెలల తర్వాత.

ఎడమ చెవిలో గంట. మూడో అంతస్తు, ఆపరేషను గది నర్సు, ఈ పూట మత్తు డాక్టరు ఎవరో కలపమంది. వేళ్ళు రెండు అక్షరాలు కొట్టేలోపే కుడి చెవిలో మిషను గొంతు పేరూ నంబరూ చెప్పేసింది. ఆ గొంతుని ఆమె ఎంత వేగంగా పెట్టుకుందంటే కొత్తవాళ్ళు వింటే డబ్బాలో గులకరాళ్ళు దొర్లినట్టుంటుంది, ఆమెకి మాత్రం ఏ రాయికారాయి విడిగా వినిపిస్తుంది. కలిపింది. మేనేజరుగారి ఫోనులో గడియారం కీచుమంది, పెన్ను ఏదో రాసింది. మూడు సెకన్లు, మహా అయితే మూడున్నర. ఈ గంటలో వచ్చే కాల్స్ అన్నీ సగటున పది సెకన్ల లోపు కలపాలన్నది షరతు. పక్క కుర్చీలో అక్క ఊపిరి వదిలింది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, పన్నెండేళ్ళుగా పక్క బోర్డు చూసే ఆపరేటరు, మోకాళ్ళకి రాసుకునే మందు వాసనతో గదిలోకి ఆమెకంటే ముందు ఆమె వచ్చిన కబురు వస్తుంది. ఈ గంటసేపు అక్క ఏ ఫోనూ ఎత్తకూడదని మేనేజరుగారు చెప్పారు. పని చెయ్యొద్దంటే అక్కకి ఊపిరాడదు, పాపం, ఇందాకట్నించీ కుర్చీలో అటూ ఇటూ మెదులుతూనే ఉంది. నువ్వు నిమ్మళంగా ఉండక్కా అని చెప్పాలనిపించింది.

ఇదే మిషను గొంతు నెల కిందట ఎలా ఉండేది. అక్షరం కొట్టి ఎదురుచూస్తే, కాళ్ళ దగ్గరున్న పెట్టెలో ముందు ఏదో గీకుడు మొదలయ్యేది, ఎలక అట్టపెట్టెలో చేరినట్టు గరగర, గరగర, ఆగి మళ్ళీ గరగర, ఆ తర్వాత ఎప్పుడో ఎనిమిది సెకన్లకో పదికో తీరిగ్గా గొంతు లేచేది. అవతల మనిషి హలో, హలో, ఉన్నారా అండీ అంటూనే ఉండేవాడు. ఉన్నాను నాయనా, నేనున్నాను, నాకు చెప్పాల్సిందే ఇంకా రాలేదు అనుకునేది. అంతకుముందు ఈ గొడవ లేదు, నంబర్లన్నీ తలలోనే ఉండేవి. మూడు నెలల కిందట కొత్త భవనం కలిపారు, పాత నంబర్లన్నీ తీసేసి కొత్తవి ఇచ్చారు, రోజుకో రకంగా మారే డ్యూటీ పట్టీని కంప్యూటరులోకి ఎక్కించారు. టెలిఫోను గదికి మాత్రం రికార్డుల సెక్షనులో పదేళ్ళు చాకిరీ చేసి అలిసిపోయిన పెట్టెని పంపించారు. దానికి ఉన్న పని చాలదన్నట్టు, పైన తెరని చదివి వినిపించే సాఫ్ట్‌వేరొకటి. కంప్యూటరు సెక్షను అతను వచ్చి మూత విప్పి చూసి, మెమరీ పెంచడానికి రెండే గూళ్ళున్నాయి మేడం, రెండూ నిండాయి, దీనికి ఇంతకంటే పెద్ద ముక్క పట్టదు, కొత్తవి రావాలంటే ఎనిమిది నెలలు అన్నాడు. అతన్ని అందరూ పాస్‌వర్డ్ అంటారు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ముందు అతని నోట వచ్చే మాట అదే, మీ పాస్‌వర్డ్ గడువు అయిపోయిందేమో చూశారా అని.

మళ్ళీ గంట. ఈసారి బయటి కాల్, పెద్దాయన గొంతు, పళ్ళు లేవు, మాటలన్నీ మెత్తగా వస్తున్నాయి. తనకి పోయినసారి చూసిన డాక్టరుగారు కావాలట, పేరు తెలియదట, మంచివాడట. ఈ ఆసుపత్రిలో మంచివాళ్ళు చాలామంది ఉన్నారు తాతగారూ, మీరు ఏ రోజు వచ్చారు అని అడిగింది. మంగళవారమట. మెట్లెక్కారా, లిఫ్టు ఎక్కారా? లిఫ్టు ఎక్కాడట, దిగాక కుడి చేతి వైపు మందుల ఘాటు వచ్చిందట, లోపల చల్లగా ఉందట, డాక్టరుగారు మాటకి ముందు ఒకసారి దగ్గుతాడట. ఆ దగ్గు ఎవరిదో ఆమెకి తెలియదూ! మంగళవారం పట్టీలో రెండు మీటలు నొక్కింది, గొంతు వెంటనే పలికింది, కలిపింది. కీచు. పెన్ను. ఆ ముసలాయన మాటలకే ఇరవై సెకన్లు పోయి ఉంటాయి, మేనేజరుగారు వాటిని కూడా కలిపి రాస్తారో, నంబరు వెతకడం నుంచే లెక్కిస్తారో. రాసుకోనీ. మనిషి మాట పూర్తి కాకుండా మధ్యలో కొయ్యడం తనకి చేతకాదు, ఈ గంట కోసం కొత్తగా నేర్చుకోబోదు.

మేనేజరుగారు చెడ్డమనిషి కాదు. నెల కిందట పిలిపించి, కుర్చీ తనే జరిపి కూర్చోబెట్టి, మెల్లిగానే చెప్పారు. కాల్స్ ఆలస్యమవుతున్నాయని వార్డుల నుంచి పదకొండు ఫిర్యాదులు వచ్చాయనీ, ఆమె తప్పు కాదని తెలుసుననీ, అయినా ఆసుపత్రి కదా అనీ, ఇంకో గదిలో తేలిక పని ఇస్తామనీ, జీతంలో పైసా తగ్గదనీ. ఆ ఇంకో గది ఏదో ఆమెకి తెలుసు. స్టోర్సు వెనక, ఫ్యాను రెక్క ప్రతి తిప్పుకీ ఒకచోట తగిలే గది. టైపు మిషన్లు పోయాక పాత టైపిస్టుని రెండేళ్ళు అక్కడే కూర్చోబెట్టారు. ఒకసారి చూద్దామని వెళితే ఆయన, ఈ గదిలో గోడకి కూడా పనుంది జీరో మేడం, కప్పు మోస్తోంది, నాకే ఏం లేదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు ఆమె చెవిలో చాలా రోజులుండిపోయింది. జీతం పోదు, పని పోతుంది. పని పోయాక ఈ చెవులు ఏం చెయ్యాలి, ఒకేసారి రెండు లోకాలు వినడం నేర్చుకున్న ఈ చెవులు, ఫ్యాను రెక్క తగలడం లెక్కపెడుతూ కూర్చోవాలా. మేనేజరుగారితో ఆ రోజు ఒక్కటే అడిగింది, నెల రోజులు గడువిచ్చి ఆ తర్వాత గంటసేపు నా పక్కన కూర్చుని మీరే చూడండి, అప్పుడు చెయ్యదల్చుకుంది చెయ్యండి అని. మేనేజరుగారు కాసేపు ఆలోచించి సరే అన్నారు. ఆ సరేలో మర్యాద ఉంది గానీ నమ్మకం లేదు.

గంట, వంటశాల, ఆహారం గురించి చెప్పే ఆమె కావాలి, కలిపింది, మూడు సెకన్లు. గంట, ఎక్స్‌రే గది, ఈ పూట ఎముకల డాక్టరు, నాలుగు. పెట్టెలో గీకుడు లేదు. అప్పుడప్పుడూ ఒక్క టకటక, అంతే. ఆ గీకుడు వినీ వినీ ఒకరోజు ఆమెకి అర్థమైంది, జబ్బు బుర్రలో లేదు, నడకలో ఉంది. పెట్టె లోపల సమాచారం దాచే తిరిగే పళ్ళెం, హార్డ్ డిస్కు, ఉంటుంది, దానిమీద చిన్న చిన్న ముక్కలు ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల, మెమరీ చాలక మాటిమాటికీ అక్కడికి పరుగులు తీస్తోంది, అదీ గరగర. చూపులేనివాళ్ళు కంప్యూటరు పాట్లు ఒకరికొకరు గొంతుతో రికార్డు చేసి పంపుకునే గుంపు ఒకటుంది, దాన్లో ఒకామె చెప్పింది, పెన్‌డ్రైవ్ పెట్టి, దాంట్లో కొంత జాగా మిషనుకి అప్పగిస్తే, తరచూ కావలసిన చిన్న ముక్కల నకళ్ళు అక్కడ దాచుకుంటుంది, పళ్ళెం చుట్టూ తిరిగే పని తప్పుతుంది అని. పెద్ద పెద్ద పనులకి ఉపయోగం లేదు, కొత్త వేగం గల పెట్టెలకి అసలే అక్కర్లేదు, మనలాంటి పాత పెట్టెలకే అని కూడా చెప్పింది. ఆ నిజాయితీ చూసే ఆమెకి గురి కుదిరింది.

ఆయనకి చెబితే నవ్వాడు. ఆసుపత్రికి ఎదురుగా ఆయనది ఫోటోకాపీ దుకాణం, రోజంతా మిషన్ల వేడిలో, ఇంకు వాసనలో ఉంటాడు, ఇంటికొచ్చినా చొక్కాకి అదే వాసన. వేలెడంత ముక్క అంత పెట్టెని పరిగెత్తిస్తుందా అన్నాడు. నీ దుకాణంలో ఫారాలన్నీ అటక మీద పెట్టుకుంటావా, అడిగినప్పుడల్లా నిచ్చెనెక్కుతావా అంది. ఎందుకెక్కుతాను, రోజూ అడిగేవి నాలుగు రకాలు కౌంటరు మీదే పెట్టుకుంటాను అన్నాడు. మరి అదే అంది. ఆయన, సరే, అయితే నా దుకాణం పెట్టె మీదే ముందు చూద్దాం, నీ ఆసుపత్రి పెట్టె పాడైతే పరువు పోతుంది, నాది పాడైతే మహా అయితే నాకు సెలవు అన్నాడు. ఆ ఆదివారం షట్టరు సగం దించి ఇద్దరూ కూర్చున్నారు. దుకాణంలో జనం మర్చిపోయిన పెన్‌డ్రైవులు ఒక డబ్బా నిండా ఉన్నాయి, అవి ముట్టుకోవద్దంది, వాళ్ళ సొమ్ము, ఎవరి పెళ్ళి ఫోటోలో ఎవరి చదువు కాగితాలో. సొంతవి ఆరు తెచ్చుకున్నారు. ఒక్కొక్కటే పెట్టడం, మిషను దాన్ని పరీక్షించడం, ఇది పనికిరాదు, దీనికి తగిన వేగం లేదు అని తేల్చెయ్యడం. ఒకటి, రెండు, మూడు, ఇంత చదువుకున్న సంబంధాలన్నీ తిప్పిపంపేస్తోందే మీ పెట్టె అంది. మా పెట్టె కాస్త నిక్కు మనిషి అన్నాడు ఆయన. అయిదూ పోయాయి. ఆరోదానికి ఒప్పుకుంది.

ఆరోది నాన్న గొంతు ఉన్నది, పాత టేపులోంచి ఎక్కించుకున్నది. నాన్న బస్సు కండక్టరు. ఈ ఉద్యోగం వచ్చిన వారం, ఆసుపత్రి నంబర్ల పుస్తకం ఇంటికి తెచ్చుకుంటే, నాలుగు రాత్రులు కూర్చుని మొత్తం చదివి టేపులో ఎక్కించి ఇచ్చాడు, నంబర్లని కూడా స్టాపుల్లాగే అరిచాడు, రక్తపరీక్షలూ రెండు వందల పధ్నాలుగూ, ఎక్స్‌రే రెండు వందల ఇరవై ఒకటీ, కాన్పుల వార్డూ దిగేవాళ్ళు రావాలీ అని మధ్యలో తనే నవ్వి. చిన్నప్పుడు సెలవుల్లో బస్సులో వెంట తిప్పేవాడు, టికెట్లు ఇచ్చుకుంటూ వెనక్కి వచ్చి, ఇప్పుడెక్కడున్నాం అని అడిగేవాడు, ఆమె మలుపు బట్టి, కిటికీలోంచి వచ్చే వాసన బట్టి చెప్పేది, తప్పు చెబితే తప్పని చెప్పేవాడు, పాపం కదా అని ఒప్పుకునేవాడు కాదు. పోయి నాలుగేళ్ళయింది. ఆ నంబర్లు ఇప్పుడు ఒక్కటీ పనికిరావు, ఆ గొంతు కావాలి. ఇది వద్దులే అంది. ఆయన మెల్లిగా, గొంతు చెరపక్కర్లేదు, మిగిలిన ఖాళీ జాగాయే మిషనుకిస్తాం, అయినా ముందు ఇంకో రెండుచోట్ల నకలు తీసి పెడతాను, నువ్వే వినిచూసుకో అన్నాడు. రెండు నకళ్ళు తీసి రెండూ మొదటినుంచి చివరిదాకా వినిపించాడు. మొత్తం గంటన్నర. మధ్యలో టీ తాగడానికి కూడా లేవలేదు.

దుకాణంలో మొదటి రోజు ఏ తేడా లేదు. రెండో రోజు ఆయన, ఏమోనోయ్, నాకేం కనబడ్డంలేదు అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం తనే ఫోను చేసి, రోజూ అడిగే ఫారాల ఫైలు తెరిచాను, పెట్టె గొణక్కుండా తెరిచింది అన్నాడు. అది నిండాలి, ఏది మాటిమాటికీ కావాలో నేర్చుకోవాలి, దానికి రోజులు పడుతుంది. ఆ తర్వాత ఆమె ఆ ఆరో పెన్‌డ్రైవ్ తీసుకుని పాస్‌వర్డ్ దగ్గరికి వెళ్ళింది. అది పాత చిట్కా మేడం, వాడకం పోయింది అన్నాడు అతను. పెట్టె కూడా పాతదే కదా బాబూ, నష్టమేముంది, పనిచెయ్యకపోతే లాగేద్దాం అంది. అతను దాన్ని తన దగ్గరుంచుకుని వైరస్ పరీక్షలన్నీ చేసి, పుస్తకంలో రాసుకుని, తనే తెచ్చి పెట్టి, నాలుగు జీబీ దానికి కేటాయించి వెళ్ళాడు. పన్నెండు రోజులైంది. నాలుగో రోజు పొద్దున ఆమె అలవాటుగా అక్షరం కొట్టి, ఆగడానికి సిద్ధమై ఊపిరి బిగబట్టింది, బిగబట్టిన ఊపిరి లోపల ఉండగానే గొంతు పలికేసింది. అప్పుడు ఆమె నవ్వితే అక్క, ఏంటే, ఫోనులో ఎవరైనా జోకు చెప్పారా అని అడిగింది.

గంట. కాన్పుల వార్డు. ఆ నర్సు గొంతు ఎప్పుడూ నిద్రలో ఉన్నట్టుంటుంది, ఇప్పుడు లేదు. బిడ్డ పుట్టింది, ఏడవలేదు, పిల్లల డాక్టరు ఎవరున్నా వెంటనే పంపమంది. ఆమె వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి, సరిగ్గా అప్పుడే ఎదురు కుర్చీ జరిగింది, చీర కుచ్చిళ్ళ చప్పుడు కాళ్ళ దగ్గరికి వంగింది, మేనేజరుగారి గొంతు దగ్గరగా, కిందనుంచి వచ్చింది.

“ఈ పెన్‌డ్రైవ్ ఎవరిది? బయటివి పెట్టకూడదని సర్క్యులరు తిరిగింది కదా.”

టక్కుమని చిన్న చప్పుడు. లాగేశారు. అక్క, అయ్యో అంది, ఆ అయ్యోలో ఇప్పుడు పెట్టెలో ఉన్నదంతా పోయిందన్న భయం ఉంది. ఏమీ పోదక్కా. ఆమెకి ఆ మాట గుండెల్లో స్థిరంగా ఉంది. అక్కడున్నవి నకళ్ళు, అసలు పళ్ళెం మీదే ఉంది, కౌంటరు మీది ఫారాలు ఎవరైనా ఎత్తుకుపోతే దుకాణం మునగదు, నిచ్చెనెక్కాలి, అంతే, కాకపోతే నిచ్చెనెక్కడానికి టైము లేదు. కాళ్ళ దగ్గర గరగర మొదలైంది. ఎలక మళ్ళీ వచ్చింది. ఒకటి, రెండు. పిల్లల డాక్టరు ఈ పూట ఎవరు, పట్టీ చెప్పదు, ఇంకా చెప్పదు, మరి చెవులు ఏం చెబుతాయి. పొద్దున పదింబావుకి ఒక గొంతు లైను అడిగింది, వేరే ఊరికి, ముక్కుతో మాట్లాడే గొంతు, పిల్లల డాక్టర్లలో చిన్నది, వెనకాల గుండ్రంగా ఒక మోత, ఆక్సిజను మోత కాదు, పాలసీసాలు ఉడికించే మిషను మోత, ఆ మోత ఈ భవనంలో ఒక్కచోటే ఉంది, నెలలు నిండని పిల్లల గది, కాన్పుల వార్డుకి సరిగ్గా పైన, ఒక్క మెట్ల వరస. ఆ గది కొత్త నంబరు వేళ్ళకి తెలుసు. నొక్కింది. రెండు మోతలకి ఎత్తారు, ముక్కు గొంతే.

“డాక్టరుగారూ, కింద కాన్పుల వార్డులో బిడ్డ ఏడవలేదు. మెట్ల మీదుగా వెళ్ళండి.”

అవతల ఫోను పెట్టలేదు, బల్లమీద పడేసిన చప్పుడు, ఆ వెంట పరుగెత్తే చెప్పులు. ఆమె నర్సు లైనులోకి తిరిగి వచ్చి, వస్తున్నారు, పైనుంచే, అని చెప్పింది. నర్సూ రిసీవరు కిందే వదిలేసి వెళ్ళింది. అప్పుడు కుడి చెవిలో మిషను గొంతు తీరిగ్గా లేచి, అదే డాక్టరు పేరు చెప్పింది. పదకొండు సెకన్లు. తెలుసులే అనుకుంది, కోపం లేకుండానే. మేనేజరుగారి చేతిలో పెన్‌డ్రైవ్ ఉండాలి, ఉంగరానికి తగిలి చిన్నగా చప్పుడవుతోంది. తలుపు దగ్గర ఎవరో వచ్చి ఆగారు, రబ్బరు చెప్పులు, తాళాల గుత్తి, పాస్‌వర్డ్, పరీక్ష ఎలా జరుగుతోందో చూసిపోదామని వచ్చినట్టున్నాడు. ఎడమ చెవిలో కాన్పుల వార్డు తెరిచే ఉంది, దూరంగా అడుగులు, ఎవరో ఏదో ఇమ్మనడం, ఇంకేదో గిన్నెలో పడ్డం, మళ్ళీ నిశ్శబ్దం, పొడుగాటి నిశ్శబ్దం. ఎన్ని నిశ్శబ్దాలు విన్నది ఈ చెవి. లైను తెగినవి, చెప్పడానికి మాట దొరకనివి, విని కూలబడ్డవి. ఇది వాటిలో ఏదీ కాదు, దీనికింకా పేరు రాలేదు. ఆ తర్వాత సన్నగా, చిరాగ్గా, పిల్లి గొంతుతో, ఇంత పెద్ద లోకంలోకి నన్నెందుకు లాగారన్నట్టు ఒక ఏడుపు. ఆమె కళ్ళు మూసుకుంది. మూసినా తెరిచినా ఒకటే, అయినా మూసుకుంది. ఏడుస్తోంది అని చెప్పింది పైకి, ఎవరికీ కాకుండా. అక్క ముక్కు చీదింది.

పాస్‌వర్డ్ గొంతు సవరించుకున్నాడు. ఇతను ఇప్పుడు తప్పుకుంటాడేమో అనిపించింది ఒక్క క్షణం, తప్పుకున్నా తనేమీ అనదు, అతనికీ ఉద్యోగం ఉంది.

“అది నేనే పెట్టాను మేడం. పరీక్షలన్నీ చేసి, పుస్తకంలో ఎక్కించాను. మీకు రాసి పంపాల్సింది, పంపలేదు. తప్పు నాది.”

కాగితం తిప్పిన చప్పుడు. ఆ తర్వాత మూడు కాల్స్ వచ్చాయి, మందుల కొట్టు, పళ్ళ డాక్టరు, బయటినుంచి ఎవరి అన్నగారో, మూడింటికీ పెట్టె గరగరలాడి గరగరలాడి చెప్పింది, తొమ్మిది, పన్నెండు, పది. ప్రతిసారీ కీచు, ప్రతిసారీ పెన్ను. అవతలివాళ్ళు హలో హలో అన్నారు, ఉన్నానండీ, వెతుకుతున్నాను అని మామూలు గొంతుతోనే చెప్పింది. తనకి కంగారు లేకపోవడం తనకే కొత్తగా ఉంది. నాన్న బస్సు ఘాట్ రోడ్డు మీద బ్రేకు పట్టేసి ఆగిపోయినప్పుడు, జనం అరుస్తుంటే, ఆయన టికెట్ల సంచీ సర్దుకుని, ఎవరూ దిగొద్దు, బండి ఆగింది, ఆగిన బండి ఎక్కడికీ పోదు అన్నాడట. పన్నెండుకి పావు తక్కువలో మేనేజరుగారు, దాన్ని మళ్ళీ పెట్టండి అన్నారు పాస్‌వర్డ్‌తో. అతను వంగాడు. ఇక్కడ ఊరుకుంటే తప్పవుతుందని ఆమెకి అనిపించింది, తెలిసి ఊరుకోవడం తన పనిలో లేదు.

“పెట్టగానే వేగం రాదు మేడం. తీసేసరికి అంతా ఖాళీ అయింది, మళ్ళీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ చివరి పావుగంట కాల్స్ మీ గడియారంలో బాగుండవు. ఉన్నదున్నట్టు రాసుకోండి.”

“రాస్తున్నాను,” అన్నారు మేనేజరుగారు.

చివరి పావుగంటలో ఏడు కాల్స్. నాలుగు తలలోంచే కలిపింది, మూడింటికి పెట్టె దయ కోసం ఆగింది. దూరంగా ఎక్కడో పన్నెండు గంటల డ్యూటీ మార్పు, మెట్లమీద చెప్పుల గుంపు, గిన్నెల బండి చక్రాలు. గడియారం ఆగింది, పెన్ను మూత పడింది. మేనేజరుగారు వెంటనే లేవలేదు, వేలితో కాగితం మీద వరసలు దించుకుంటూ పోతున్నారు, ఆ వేలి చప్పుడు ఆమె వింటూనే ఉంది. నంబరు వెతకడం నుంచి లెక్కేస్తే సగటు ఏడున్నర అన్నారు చివరికి. అదేదో గుమస్తా గొంతుతో. ఆ తర్వాత, లాగకముందు నాలుగు కూడా లేదు, లాగాక పెట్టె మీద ఆధారపడ్డవేవీ తొమ్మిదికి తగ్గలేదు, అంటే దాని పని ఎంతో నేనే తీసి చూపించుకున్నాను అన్నారు, ఈసారి గుమస్తా గొంతు కాదు. పాస్‌వర్డ్‌ని రికార్డుల గదిలో మిగిలిన మూడు పాత పెట్టెల సంగతి అడిగారు, వాటికీ ఇది పనికొస్తుందేమో చూసి, కొత్త పెన్‌డ్రైవులు ఆసుపత్రే కొనేలా రాసి పెట్టమన్నారు. జీరో మేడంతో ఏమీ అనలేదు. కుర్చీ గీసుకుంది, చీర చప్పుడు తలుపు దాటింది, వసారాలో ఎడమకి తిరిగింది, పోయింది. ఏమంటారే ఇంతకీ అంది అక్క. ఏదో ఒకటి అంటార్లే అంది ఆమె. భయం ఎక్కడైనా దాక్కుందేమోనని లోపల వెతికి చూసుకుంది, అలసట దొరికింది, ఆకలి దొరికింది, భయం దొరకలేదు.

అయిదు నిమిషాలకి ఎడమ చెవిలో గంట. లోపలి కాల్, మొదటి అంతస్తు చివరి గది, మేనేజరుగారిది.

“జీరో మేడం, మీ బదిలీ కాగితం నేను వెనక్కి తీసుకుంటున్నాను. సిబ్బంది సెక్షనులో దాన్ని ఇప్పుడే చింపించాలి. కలుపుతారా?”

“కలుపుతాను మేడం,” అంది.

పెట్టె వైపు చెయ్యి వెళ్ళలేదు, ఆ నంబరు వేళ్ళకి తెలుసు. అవతల ఎత్తారు, ఇద్దరి గొంతులూ కలిశాయి. మీట మీద వేలు అలాగే ఉంచితే మాటలన్నీ వినొచ్చు, తన గురించి తను లేనప్పుడు ఏమనుకుంటారో పదిహేనేళ్ళలో ఒక్కసారైనా వినొచ్చు. వేలు తీసేసింది. లైను మూసుకుంది. అప్పటికే ఇంకో కాల్ వేచి ఉంది, ఎవరో ఎక్కడినుంచో, ఏ పేరు అడుగుతారో ఇంకా తెలియదు. ఎత్తి, నమస్కారమండీ, చెప్పండి అంది.